వాపస్ రాని దండం

నెక్కొండ నుంచి వరంగల్ వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమ్మ పేరు నేను అడగలేదు. ఎన్నికల రోజులవి. దారిలో ఒక ప్రచార ఆటో మా బస్సు ముందుకొచ్చి ఎటూ కదలకుండా నిలబడింది. దాని మైకులోంచి శివుడి భజన బాణీ గట్టిగా మోగింది. పెద్దమ్మ వెంటనే కళ్లు మూసుకుని, రెండు చేతులూ జోడించి నుదుటికి ఆనించుకుంది. అలవాటు కొద్దీ నేనూ దండం పెట్టాను.

తీరా పల్లవి చివర, స్వామి పేరు రావలసిన చోట అభ్యర్థి పేరు వచ్చింది. ఆ వెనకే పార్టీ గుర్తు, దేవుణ్ణి నమ్మేవాళ్లంతా దానికే ఓటెయ్యాలన్న అరుపు.

పెద్దమ్మ చటుక్కున కళ్లు తెరిచింది.

"ఏంది బిడ్డా ఇది? వీనికా నేను దండం పెట్టింది?" అని నన్ను నిలదీసింది, ఆ పాట నేనే కట్టినట్టు.

ఆ వెంటనే కిటికీలోంచి తల బయటపెట్టి మైకువాడి మీద విరుచుకుపడింది.

"ఓ కొడుకా! రోడ్డేస్తనని ఓటడుగు, మురికినీళ్లు పోను మోరీ కట్టిస్తనని అడుగు. దేవుని పాటల జొచ్చి అడుగుడేంది? నా దండం నాకు వాపస్ ఇయ్యి!"

బస్సంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. వరంగల్‌లో దిగేదాకా చేతులు కొంగులో దాచుకునే కూర్చుంది.

ఎన్నికలైతే అయిపోయాయి. నా చిరాకే పోలేదు. ఇప్పటికీ పొద్దున్నే మట్టెవాడలో మా గల్లీ గుడి మైకు మోగితే, నా చేతులు సగం లేచి ఆగిపోతాయి. పేరు ఎవరిదో విన్నాకే కలుస్తాయి.