ప్రాగ్ వంతెన మీద చెప్పుల కాపలా

మీ పాస్‌పోర్టు ఈ క్షణాన ఎక్కడుందో మీకు తెలుసా?

బీరువాలో ఉందంటారు. చూశారా? చూడలేదు. ఉందని నమ్ముతున్నారు, అంతే. ఇలా నమ్మకం మీద బతికేవాళ్లను చూస్తే నాకు ఏళ్ల తరబడి ఒళ్లు మండుతోంది. విజయవాడలో మైకు దొరికిన ప్రతి చోటా, దొరకని చోట మైకు లేకుండానూ, "కళ్లతో చూడనిదే ఒప్పుకోకండి" అని గొంతు చించుకున్నవాణ్ణి. అలాంటి నేను పరాయి దేశంలో, పట్టపగలు, చూడకుండా నమ్మి నిండా మునిగాను. ఆ మునక ఎంత లోతో ఇప్పుడు చెబుతాను.

చెక్ దేశం చూసొచ్చానని తెలిసినప్పటి నుంచి తెలిసినవాళ్లంతా ఫోన్లు చేస్తున్నారు. "మొదటిసారి వెళ్తున్నామండీ, ఏమేం చూడమంటారు?" అని. చెబుతాను. ప్రాగ్‌లో కోట చూడండి. పాత నగరం కూడలిలో గంట గంటకీ బొమ్మలు తొంగిచూసే గడియారం చూడండి. నది మీద రాతి వంతెన చూడండి. మన బ్యారేజీ మీద లాగా బళ్లు ఉండవు, అంతా నడకే. ఆ తర్వాత రైలెక్కి బ్ర్నో వెళ్లండి. అచ్చులకు కరువొచ్చినట్టున్న ఆ పేరు పలకలేక భయపడకండి, టికెట్టు ఫోన్లోనే తీసుకోవచ్చు. ఇవన్నీ చూడండి. నేను చూసినట్టు మాత్రం చూడకండి.

మేం ముగ్గురం వెళ్లాం. నేనూ, మా ఆవిడ సుజాతా, ఆవిడ తమ్ముడు ప్రసాదూ. సుజాత చల్లపల్లిలో ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైంది. బ్ర్నోలో ఒక మఠం ఉంది. బఠానీ మొక్కలు పెంచి, తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు ఎలా వస్తాయో కనిపెట్టిన సన్యాసి ఆ తోటలోనే పనిచేశాడు. పరీక్షల్లో ఆయన్ని దాటకుండా మీరెవరూ గట్టెక్కలేదు. సుజాత ఆయన్ని "బఠానీ మాస్టారు" అంటుంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ తోట బొమ్మను బోర్డు మీద గీసింది. అసలు తోటను ఒక్కసారి చూడాలని ఆమె కోరిక. ఈ ప్రయాణమే దానికోసం.

ప్రసాద్‌కి ఉయ్యూరులో చేనేత బట్టల కొట్టుంది. మంచివాడు. కానీ రాయి కనిపిస్తే దండం పెడతాడు, రాయి కనిపించకపోతే ఎక్కడుందని వెతుకుతాడు.

ఇక నేను. అప్పటికి ఇప్పటికంటే కాస్త చిన్నవాణ్ణి, ఇప్పటికంటే చాలా ఎక్కువ తెలిసినవాణ్ణి.

మొదటిరోజే గడియారం దగ్గర నా తడాఖా చూపించాను. దాని మీద రాశిచక్రం ఉంది. మేషం, వృషభం, అన్నీ! చూడగానే దానికి వీపు తిప్పి నిలబడ్డాను.

"ఏవండీ, గంట కొట్టబోతోంది, ఇటు తిరగండి" అంది సుజాత.

"పంచాంగాన్ని గోడకెక్కిస్తే నేను చూడాలా?"

"అది పళ్లచక్రాల యంత్రమండీ. సూర్యుడు ఏ నెలలో ఎక్కడుంటాడో చూపిస్తుంది. మనింట్లో క్యాలెండరులోనూ రాశులున్నాయి, పాలవాడి లెక్క దాని మీదే రాస్తున్నారుగా?"

జవాబు దొరికేలోపు గంట కొట్టడం అయిపోయింది. ప్రపంచమంతా ఎగబడి చూసే వింతను నేను ఎదురుగా ఉన్న చెప్పుల కొట్టు అద్దంలో, తిరగేసి చూశాను.

మర్నాడు ఉదయం వంతెన. దాని పొడుగునా విగ్రహాలు. ఒకచోట జనం ఉయ్యూరు చెరుకు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లలా బారులు తీరి ఉన్నారు. ఏనాడో ఒక మతగురువును రాజు ఆ వంతెన మీంచి నదిలోకి తోయించాడట. ఆయన విగ్రహం కింద కంచు పలక. దాన్ని తాకినవాళ్లు మళ్లీ ప్రాగ్‌కు వస్తారని నమ్మకం. తాకీ తాకీ పలకలో ఆ ముక్క బంగారంలా మెరుస్తోంది.

ప్రసాద్ ముఖం అంతకంటే మెరిసింది. పక్కకెళ్లి బూట్లు విప్పేశాడు.

"ఒరేయ్, ఇక్కడెవరూ విప్పడంలేదురా" అంది సుజాత.

"వాళ్లకి తెలీదక్కా. బావగారూ, కాస్త చెప్పులు చూస్తుండండి!"

వేసుకున్నవి బూట్లే. కానీ గుడి ముందు అలవాటైన మాట అదే కదా. మన కుటుంబాల్లో ఎప్పుడూ ఒక నాస్తికుడు ఉండాలి. దేవుణ్ణి నమ్మేవాళ్ల చెప్పులకు కాపలా ఎవరుంటారు మరి? నా వివాహ జీవితమంతా ఆ ఉద్యోగమే చేశాను. ఆ అలవాటు కొద్దీ భుజాన ఉన్న ఖద్దరు సంచి దించి బూట్ల పక్కన గోడకు ఆనించాను. సంచిలో ముగ్గురి పాస్‌పోర్టులూ ఉన్నాయి.

ప్రసాద్ పలకను తాకి, రెండు అరచేతులూ కళ్లకద్దుకున్నాడు. వెనకున్న ఆడమనిషి అదే పద్ధతి కాబోలనుకుని తనూ కళ్లకద్దుకుంది. ఆమె వెనకాయన కూడా. ఒక మూఢనమ్మకం నా కళ్లెదుట ఉయ్యూరు నుంచి యూరప్‌కు ఎగుమతి అవుతోంది! ఇంకా చూస్తూ ఊరుకుంటే నేను ఇన్నాళ్లు చేసిన ఉపన్యాసాలకు అర్థమేముంది?

"ప్రసాదూ, ఫోన్ తియ్యి. వీడియో పట్టు."

"ఏం చేస్తారు బావగారూ?"

"ప్రయోగం!"

పలక ముందు నిలబడి చెయ్యెత్తాను. "మిత్రులారా! దీన్ని తాకితే మళ్లీ ప్రాగ్‌కు వస్తారట. ఇదిగో, తాకుతున్నాను. ఒక చేత్తో తాకితే సగం ఫలితమేనని రేపెవరైనా అంటారేమో, రెండు చేతులా తాకుతున్నాను. ఈ ఊరు మళ్లీ రాను. జన్మలో రాను. ఇదే నా సవాలు!"

ప్రసాద్‌ను మా హేతువాద మిత్రుల వాట్సాప్ గ్రూపులో చేర్చి, ఆ వీడియోను అక్కడికక్కడే పెట్టించాను. అటునుంచి చప్పట్ల బొమ్మలు, పిడికిళ్ల బొమ్మలు కుప్పలుగా వచ్చాయి. వాటిని చదువుతూ నడిచాను. ప్రసాద్ తన బూట్లు తాను తొడుక్కున్నాడు. కాపలా ఉద్యోగం అయిపోయింది. సంచి మాత్రం డ్యూటీలోనే ఉండిపోయింది.

హోటల్లో సూట్‌కేసులు తీసుకుని స్టేషన్ చేరాం.

"ఏవండీ, సంచి ఉందా?" అంది సుజాత.

"ఉంది."

"చూసి చెబుతున్నారా?"

"నా భుజం సంగతి నాకు తెలీదా సుజాతా?"

పాఠకులారా, ఆ మాట దగ్గర కాస్త ఆగండి. చూడకుండా ఉందన్నాను. అడిగితే కోప్పడ్డాను. ఏ బాబా భక్తుడైనా ఇంతకంటే ఏం చేస్తాడు?

రైల్లో దారంతా, ప్రయోగం అంటే ఏమిటో ప్రసాద్‌కు వివరిస్తూనే ఉన్నాను. వాడు కిటికీలోంచి పొద్దుతిరుగుడు చేలు చూశాడు. నేను చూడలేదు.

బ్ర్నో హోటల్లో కౌంటర్ దగ్గరమ్మాయి నవ్వుతూ పాస్‌పోర్టులు అడిగింది. నేనూ నవ్వుతూ చెయ్యి భుజానికి పోనిచ్చాను. భుజం ఉంది.

ముందుగా కోలుకున్నది ప్రసాద్. వాడి ముఖంలో ఆనందం మెల్లగా, మొహమాటంగా, పెళ్లిలో రెండోసారి వడ్డన అడిగేవాడిలా బయటికొచ్చింది.

"అంటే బావగారూ... మళ్లీ ప్రాగ్ వెళ్లాలంటారా?"

"నోర్ముయ్!"

"నేనేమన్నాను? తాకింది మీరు. అదీ రెండు చేతులా."

"అరవకండి ఇద్దరూ" అంది సుజాత. "రేపే పక్క దేశం నుంచి మన విమానం. పాస్‌పోర్టులు దొరక్కపోతే మనం ఇక్కడే బఠానీలు పండించుకోవాలి. అమ్మాయీ, ఇవిగో పాస్‌పోర్టుల ఫొటోలు. బయల్దేరేముందే నా ఫోన్లో తీసిపెట్టుకున్నాను. ఏవండీ, సంచి ఎక్కడ దించారు?"

"వీడి బూట్ల పక్కన."

"అయితే అక్కడికే వెళ్లండి."

"మరి నువ్వు?"

ఆమె గొంతు పెరగలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. "నేను ఇన్నేళ్లు పాఠం చెప్పిన తోట ఇక్కడికి నడిచెళ్లేంత దూరంలో ఉంది. రేపటికి టైముండదు. మీ ప్రయోగం మీరు పూర్తి చేసుకోండి. నేను బఠానీ మాస్టార్ని చూసొస్తాను."

మళ్లీ రైలు. అవే పొద్దుతిరుగుడు చేలు. ఈసారి చూశాను. వివరించడానికి పక్కన ఎవరూ లేరు కదా. మధ్యలో సుజాత పంపిన ఫొటో వచ్చింది. పచ్చికలో, మాస్టారు మొక్కలు పెంచిన గాజు ఇంటి పునాదులు, వాటి పక్కన ఆమె. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచరమ్మలా నిలబడింది. కింద రాసింది: "మాస్టారి విగ్రహం దగ్గర కూడా వీడు బూట్లు విప్పాడు. కాపలాకి మీరు లేరు. అందుకే ఏమీ పోలేదు."

నవ్వొచ్చింది. ఆ వెంటనే, ఆమె పక్కన నేనూ ఉండాల్సిన ఫొటో కదా అది అని తోచింది. నవ్వు ఆగిపోయింది.

వంతెన చేరేసరికి ఇంకా ఎండ ఉంది. గోడ పక్కన సంచి లేదు. అక్కడ మనుషుల బొమ్మలు గీసే ముసలాయన నన్ను చూసి, చేతిలో పెన్సిల్ వదిలేసి, కుర్చీ కిందినుంచి నా ఖద్దరు సంచి తీశాడు. మూడు పాస్‌పోర్టులూ ఉన్నాయి. ఆయన్ని కౌగిలించుకున్నంత పని చేశాను. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆయన పలక వైపు వేలు చూపించి, వచ్చీరాని ఇంగ్లీషులో అన్నాడు:

"పొద్దున తాకావు. సాయంత్రానికి వచ్చావు. పనిచేసింది!"

"లేదు! పనిచెయ్యలేదు. సంచి మరిచిపోయాను కాబట్టి వచ్చాను."

"ఎందుకు మరిచిపోయావు?"

"పలకను తాకిన ఉత్సాహంలో..."

"అదే! తాకావు, అందుకే వచ్చావు."

జీవితంలో ఎందరో పీఠాధిపతుల్ని ఎదుర్కొన్నాను. ఇంత పకడ్బందీ వాదన వినలేదు.

వెళ్లేముందు మరోసారి తాకమని ఆయన సైగ చేశాడు. రెండు చేతులతోనూ సంచిని గుండెకు హత్తుకుని పరిగెత్తాను.

విజయవాడలో దిగేసరికి సంగతి మాకంటే ముందే దిగింది. వంతెన మీద సంచి పట్టుకుని తీసి సుజాతకు నేను పంపిన ఫొటోను ప్రసాద్ అదే గ్రూపులో పెట్టేశాడు. "ప్రాగ్‌కు పునర్దర్శనం, పలక మహిమ" అని ముచ్చటగా రాశాడు కూడా. మిత్రులు సభ పెట్టారు. అధ్యక్షుడు సూటిగా అడిగాడు: "అయ్యా, జన్మలో వెళ్లనని సవాలు చేసి సాయంత్రానికే వెళ్లారు. పలకకు మహిమ ఉందని ఒప్పుకుంటారా?"

నాకు మిగిలినవి రెండు దారులు. పలకకు మహిమ ఉందనాలి. లేదా నేను వెర్రివాణ్ణని రుజువు చెయ్యాలి. హేతువాదం పరువు నిలవాలంటే నా పరువు పోవాలి. క్షణం తటపటాయించలేదు. లేచి నిలబడి, వంతెన మీద లాగే చెయ్యెత్తి, నేనెంత వెర్రివాణ్ణో ఆధారాలతో, ఉదాహరణలతో, మొదటినుంచి వివరించాను. చెప్పుల కాపలా, చూడకుండా "ఉంది" అన్న మాట, గడియారానికి తిప్పిన వీపు, ఏదీ దాచలేదు. సాక్ష్యానికి సుజాతను పిలిచాను. ఆమె నేను మరిచిపోయిన ఉదాహరణలు కూడా జోడించింది. నేను ఆపమన్నా ఆపలేదు.

ఓటింగ్ పెట్టారు. పలకకు మహిమ లేదనీ, జరిగినదంతా నా వెర్రితనమేననీ సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. అతిథిగా వచ్చి కూర్చున్న ప్రసాద్ కూడా చెయ్యెత్తాడు. నా జీవితంలో నేను సంపూర్ణంగా గెలిచిన వాదన అదొక్కటే.

అందుచేత, నదినీ, వంతెననూ కాదు, కేవలం ఇంగితజ్ఞానాన్ని సాక్షిగా పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ ఖండంలోనూ, ఎవరి చెప్పులకూ కాపలా ఉండను. సంచి దించి సవాలు చెయ్యను. సుజాత "ఉందా?" అని అడిగితే, చూసి చెబుతాను.

మీరు చెక్ దేశం వెళ్లండి. గడియారం వైపు ముఖం పెట్టి చూడండి. తోటకు ఇద్దరూ కలిసి వెళ్లండి. పలక తాకుతారో లేదో మీ ఇష్టం. కానీ ముందు ఆ పాస్‌పోర్టు సంగతి తేల్చండి. బీరువాలో ఉందన్నారు కదా? నేను నమ్మను. మీరూ నమ్మకండి. ఇది కింద పెట్టి, లేచి వెళ్లి, బీరువా తెరిచి చూడండి. ఊఁ, లేవండి!