నలభై రూపాయల బారోగ్రాఫు

మా సంజీవరావు మాస్టారు కొన్న వస్తువు ధర ఏనాడూ నిజం చెప్పిన పాపాన పోలేదు. మూడొందల సరుకు నూట ఇరవై అనేవారు. అంత చవకేంటండీ అంటే, చావు కబురు చెబుతున్నట్టు ముఖం పెట్టి, "బోణీ బేరమండి" అనేవారు.

ఇద్దరం తెనాలి నుంచి రేపల్లె హైస్కూలుకి రోజూ రైల్లో వెళ్లేవాళ్లం. అక్కడివాళ్లకి ఏం కావాలన్నా ఆయనే తెచ్చిపెట్టేవారు. కోటేశ్వరమ్మ టీచరుకి తెచ్చిన కుక్కరు ధర విని, మా ఆవిడ తెల్లారకుండానే గిన్నెల కొట్టు ముందు బోణీకి కాపు కాసింది. కొట్టు ఆసామి చేతులు జోడించి, సంజీవరావుగారు ఎక్కడ కొంటున్నారో చెబితే తనూ అక్కడే సరుకు ఎత్తుతానన్నాడట.

ఎనభై ఎనిమిదిలో మా మార్కు మాస్టారికి పెద్ద చిక్కే వచ్చిపడింది. వాళ్లమ్మాయి రిబ్కా ఎన్‌సీసీలో చేరి గ్లైడర్ నడపడం నేర్చింది. ఇంజను లేని విమానం అది. ఎంత ఎత్తుకు ఎగిరిందీ బారోగ్రాఫు అనే పెట్టె గీత గీసి చూపిస్తేనే బ్యాడ్జి ఇస్తారు. బ్యాడ్జి ఉంటేనే శిక్షకురాలి కోర్సులో సీటు. వాళ్ల గ్లైడర్ల క్లబ్బులో ఉన్న ఒక్క పెట్టే పాడైంది. జర్మనీ నుంచి తెప్పిస్తే సుంకంతో ఎనిమిది వేలు. మాస్టారికి ఆర్నెల్ల జీతం కూడా చాలదు. అప్పు చేయరు, ఊరికే ఇస్తే పుచ్చుకోరు. పిల్ల అన్నం మానేసి కూర్చుంది.

ఒక సోమవారం సంజీవరావు సంచిలోంచి పెట్టె తీశారు. బాపట్లలో పాత సామాన్ల కొట్లో పడి ఉందట. అదేంటో కొట్టువాడికే తెలీదట. బోణీ వేళట. నలభై. మార్కు మాస్టారు అక్కడికక్కడే నాలుగు పదులు లెక్కపెట్టి ఇచ్చారు. రిబ్కా ఎగిరింది, గీత పైకి పాకింది, బ్యాడ్జి వచ్చింది. మేమంతా మిఠాయి తిన్నాం.

అంతటితో ఆగితే బాగుండేది. క్లబ్బు శిక్షకుడు బసవేశ్వరరావు, పాపం, బాపట్లలో రెండు పొద్దులు పాత సామాన్ల కొట్లన్నిటి ముందూ బోణీకి నిలబడి, విసిగి మా స్టాఫ్ రూముకి వచ్చాడు.

"ఇంకో అయిదు కావాలి సార్. మీరు తెచ్చింది సరికొత్తది, సీలు కూడా విప్పకుండా వచ్చింది. ఆ కొట్టెక్కడండి?"

సంజీవరావు సంచిలో ఏదో వెతకడం మొదలుపెట్టారు. ఆ మధ్య ఆయన ప్రావిడెంటు ఫండులో అప్పుకి అర్జీ పెడితే ఇంటికి సున్నాలు వేయిస్తారు కాబోలనుకున్నాను. ఆ ఇల్లు ఇప్పటికీ పెచ్చులూడుతూనే ఉంది. ఈయన ధర తగ్గించి చెప్పినవన్నీ ఇంకొకరికి కొన్నవే అని అప్పుడు వెలిగింది నా బుర్రకి. నాకు కళ్లు చెమర్చాయి, ఒళ్లు కూడా మండింది. మా ఆవిడని చలిలో నిలబెట్టాడు గదా మహానుభావుడు.

మార్కు మాస్టారు మెల్లిగా లేచారు. చర్చి పెద్ద. ఆడిటు వచ్చినా అబద్ధం ఆడని మనిషి.

"ఆ కొట్టు ఎత్తేశారండి. నేను దగ్గరుండి చూశాను" అన్నారు.

శిక్షకుడు ఉసూరుమంటూ వెళ్లిపోయాడు. అతను గేటు దాటాక మార్కు మాస్టారు సంజీవరావు వైపు తిరిగారు. "ఆదివారం ప్రార్థనలో నా అబద్ధానికి క్షమాపణ అడుక్కోవాలి. మీవి కూడా కలిపి అడగమంటారా?"

సంజీవరావు గంభీరంగా ఆలోచించారు.

"కలిపే అడగండి. టోకున అయితే చవకలో పోతుంది."