గురువారం నాలుగింటి డౌట్స్ అవర్

గురువారం సాయంత్రం నాలుగయ్యేసరికి నేను చీర కట్టుకుని కూర్చునేదాన్ని. ఇంటి నుంచే పని కాబట్టి మిగతా రోజులన్నీ నైటీలోనే వెళ్లిపోతాయి, మీటింగుల్లో కెమెరా ఎవరూ వేయరు. ఆ ఒక్క గంటకు మాత్రం తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, ల్యాప్‌టాప్ తెరిచి కూర్చునేదాన్ని. పేరంటానికి అందర్నీ పిలిచి గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నట్టుండేది. ఎవరూ వచ్చేవారు కాదు.

నేను ఒక పెద్ద కంపెనీలో సీనియర్ డేటా ఆర్కిటెక్టుని. ఎల్బీనగర్‌లో మా అపార్ట్‌మెంట్ కింద కర్రీ పాయింట్ నడిపే ఆవిడది నల్గొండ దగ్గర పల్లెటూరు. "గా కంప్యూటర్ల నువ్వేం జేస్తవక్కా?" అని ఒకసారి అడిగింది. కంపెనీకి వచ్చే సమాచారమంతా ఎక్కడ పెట్టాలి, ఏ పేరుతో పెట్టాలి, ఎవరు తీసి చూడొచ్చు, అవన్నీ నేను నిర్ణయిస్తానని చెప్పాను. ఆవిడ పప్పు ప్యాకెట్‌కి రబ్బరు బ్యాండు వేస్తూ, "మరి అంత సదురుడైపోయినంక నీతోని ఏం పనుంటది?" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం అన్నం తింటున్నంతసేపూ ఆ మాట గుచ్చుకుంది. ఆవిడ దగ్గర నేను ఎప్పుడూ రెండు ప్యాకెట్లు తీసుకుంటాను, ఇంట్లో ఇంకొకరు ఉన్నట్టు. రెండోది మర్నాడు పొద్దున నేనే తింటాను.

పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్లు కూడా అడగడం మానేశారు. గుంటూరు వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో దిగి, మెట్ల మీద చెప్పులు గుట్టగా పడి ఉండే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో డేటాబేస్ కోర్సు చేశాను. అక్కడ క్లాసు అయిపోయాక డౌట్స్ సెషన్ ఉండేది. అసలు చదువు అదే. సార్ చుట్టూ మూగి, ఒకళ్ల భుజాల మీంచి ఒకళ్లు తలలు పెట్టి అడిగేవాళ్లం. "ఇంక చాలు, పోండ్రా బాబూ" అని ఆయన షట్టరు సగం దించినా వంగి అవతలికి వచ్చి, మెట్ల మీద నిలబెట్టి మరీ అడిగేవాళ్లం. ఆ గోల నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అందుకే కంపెనీలో వారం వారం ఆన్‌లైన్‌లో నేను పెట్టే ఆ గంటకు డౌట్స్ అవర్ అని పేరు పెట్టాను. ఎవరైనా రావచ్చు, ఏదైనా అడగవచ్చు.

నిజం చెప్పొద్దూ, వాళ్ల డౌట్ల మీద ప్రేమ కాదు. నాకు ఒక మనిషి గొంతు కావాలి. మీటింగుల్లో గొంతులు వినపడతాయి కానీ అవి అజెండాతో మాట్లాడతాయి, నాతో కాదు.

ఈ మధ్య కంపెనీ ఒక చాట్ అసిస్టెంటును పెట్టింది. నేను ఇన్నేళ్లూ రాసిన డిజైన్ పత్రాలన్నీ దానికి మేతగా వేశారు. ఏది అడిగినా నా వాక్యాలే తిరగేసి చెబుతుంది. మా మేనేజరు బెంగళూరులో ఉంటాడు, నా కంటే బాగా చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. "మేడమ్, ఆ గంట ఖాళీగానే పోతోంది కదండీ. అసిస్టెంట్ ఉంది కాబట్టి తీసేద్దామా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నెలాఖరు దాకా ఆగమన్నాను. "సరే మేడమ్, ఒక్క డౌట్ వచ్చినా ఉంచేద్దాం" అన్నాడు. జాలిపడి అన్నాడని తెలుస్తూనే ఉంది. అయినా పట్టుకున్నాను.

ఇక్కడ నా రూలు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట మా టీములో ఒకాయన ఉద్యోగం మానేస్తే, ఆయన ఐడీతో పాటు సగం రిపోర్టులు ఆగిపోయాయి. చచ్చీ చెడీ బాగుచేశాం. ఆ తర్వాత నేనే గట్టిగా పట్టుబట్టాను: ఏదీ ఒక మనిషి పేరు మీద ఉండకూడదు. పత్రాలు, మెయిళ్లు, ఇన్విటేషన్లు అన్నీ టీము కామన్ ఐడీ నుంచే వెళ్లాలి. మనిషి పోయినా పని ఆగకూడదు. దానికి నాకు మంచి పేరే వచ్చింది.

నెలలో చివరి గురువారం. మూడు ముప్పావుకే కూర్చున్నాను. నాలుగు దాటింది. చీర మార్చుకుందామని లేవబోతుంటే స్క్రీన్ మీద ఒక చిన్న గడి తెరుచుకుంది.

"హలో? టెస్టింగ్, టెస్టింగ్," అంది ఒక అమ్మాయి గొంతు.

"చెప్పమ్మా," అన్నాను.

మెల్లగా, "మీరు మనిషేనా మేడమ్?" అంది.

కొత్తగా చేరిన అమ్మాయి. ఇల్లు బడంగ్‌పేట్‌లోనట, అక్కడి నుంచే పని చేస్తోంది. "సారీ మేడమ్. గీ బాట్ తెలుగుల మాట్లాడ్తదో లేదో చూద్దామని ఒచ్చిన. ఇన్విటేషన్ కామన్ ఐడీ నుంచి ఒచ్చింది కద. అసిస్టెంట్ మెసేజ్‌లు కూడ అండ్లకెల్లే ఒస్తయ్. మేమందరం ఇది కూడ అదే అనుకున్నం."

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. ఇన్ని గురువారాలూ నేను చీర కట్టుకుని కూర్చుంటే, వాళ్ల లెక్కలో అక్కడ మనిషే లేదు.

"మీ పేరు చెప్పండి మేడమ్, మావోళ్లకు చెప్తా," అంది. చెప్పాను. కీబోర్డు టకటకలాడింది. "ఆ పేరుతోని ఏం ఒస్తలేదు మేడమ్. ఒక్క డాక్యుమెంట్ కూడ లేదు."

"రాదమ్మా. రాకుండా నేనే చేశాను," అన్నాను.

"సరే మేడమ్, నాకైతే డౌట్స్ ఏం లేవు. అన్నీ అసిస్టెంటే చెప్పింది. ఉంటా మరి," అంది.

"ఆగమ్మా," అన్నాను. ఇంత వయసొచ్చి, ఇంత ఉద్యోగం చేసి, అలా బతిమాలతానని ఎన్నడూ అనుకోలేదు. "ఒక్క డౌట్ అడుగు. ఏదైనా సరే."

వాళ్లింట్లో కుక్కర్ విజిల్ వేసింది. ఎవరో ఆమెను లోపలికి పిలుస్తున్నారు. వెళ్లిపోతుందనుకున్నాను.

"చాయ్ తాగినరా మేడమ్?" అంది.

నెలాఖరున మేనేజరుకు డౌట్ ఒకటి వచ్చిందని చెప్పాను. ఏ విషయం మీద అని అడిగాడు. చాలా సులువైనదే, జవాబు చెప్పడానికి నాకే కాస్త టైము పట్టింది అన్నాను.