కనిగిరి వాల్వు

మొన్న కళ్లజోడు మార్పించుకుందామని బ్రాడీపేట వెళ్లినప్పుడు, కొత్తగా తెరిచిన పాత సామాన్ల షాపులో నడుమెత్తు కన్సోల్ రేడియో ఒకటి కనిపించింది. మన వయసువాళ్లకు అలాంటిది చూస్తే కాళ్లు ముందుకు సాగవు కదా, లోపలికి వెళ్లాను. టేకు చెక్క నిగనిగలాడుతోంది. వెనకవైపు వెళ్లి చూస్తే గాజు బుడ్ల వాల్వులు లేవు, ట్రాన్స్‌ఫార్మరు లేదు, పేగులు తీసేసిన మేకలా ఉంది. మధ్యలో అరచేయంత బోర్డు, రంగులు మారే దీపాలు. సెల్లుతో కనెక్ట్ అవుతుందండీ, సౌండు అదిరిపోద్ది అన్నాడు షాపాయన. లోపలి సరుకేమైందంటే, పాత ఇనుముకి వేసేశామండీ అన్నాడు నవ్వుతూ. ఆ నిగనిగల మీద ఉమ్మేయాలనిపించింది కానీ ఉమ్మలేదు, ఎందుకో చెబుతాను.

గుంటూరులో రేడియో రిపేరు పనికి చేరిన కొత్తలో నాకు ఈ కన్సోల్ రేడియోల పిచ్చి పట్టుకుంది. అప్పటికే ట్రాన్సిస్టర్లు వచ్చేసి, వాల్వు రేడియోలు మూలపడుతున్నాయి. మిర్చి గోదాము నుంచి వచ్చినదాని మూత తీస్తే అరగంట తుమ్ములు, జిన్నింగు మిల్లు నుంచి వచ్చినదాన్లో దిండుకు సరిపడా దూది. నేను కొన్నది మిల్లుదే. నాబులు లేవు, స్టేషన్ల ముల్లును జరిపే డయలు తాడు లేదు, ఒక వాల్వు లేదు. నాబులు దర్శి వడ్రంగి చేత చేయించాను. చీరాల నేతవాళ్ల దగ్గర గట్టి నూలుదారం తెచ్చి, మైనం పట్టించి తాడు వేశాను. వాల్వు మాత్రం బెజవాడ తిరిగినా, మద్రాసు తిరిగినా దొరకలేదు.

పాడైన రేడియో నుంచి ఎన్నయినా పీక్కోవచ్చు కానీ పలికే రేడియో పొట్ట కోయకూడదని, నాకు పని నేర్పిన గురువుగారు చెబుతూ ఉండేవారు. నేను తలూపుతూ ఉండేవాణ్ణి.

కనిగిరిలో మా మేనత్త ఇంట్లో అదే కంపెనీ బల్ల రేడియో ఉండేది. మామయ్య పోయాక ఆవిడకు ఇంట్లో వినిపించే గొంతు అదొక్కటే. రేడియో మాట మందగించింది, ఒకసారి వచ్చి చూడమని కబురు పెడితే వెళ్లాను. ఒక్క కండెన్సరు మారిస్తే సరిపోయేది, అది నా సంచిలోనే ఉంది కూడా. కానీ మూత తీయగానే నాకు కావలసిన వాల్వు కనిపించింది. అత్తయ్య మజ్జిగ కలపడానికి వంటింట్లోకి వెళ్లినప్పుడు దాన్ని పీకి, చేతిరుమాల్లో చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాను. ఇంకా వేడిగానే ఉంది. మజ్జిగ తాగి, ఇక ఇది బాగుపడదు అత్తయ్యా అన్నాను.

"పొద్దున కూడా వార్తలు చెప్పింది కదరా," అంది ఆవిడ. ఖాళీ గ్లాసు అందుకుంటూ, "అయినా నీకు తెలియందేముందిలే," అని తనే సర్దుకుంది.

ఇంకో వాల్వు దొరకగానే తెచ్చి పెట్టేద్దామనుకున్నాను. దొరకలేదు. నిజం చెప్పాలంటే, కొన్నాళ్లకు వెతకడమూ మానేశాను. ట్రాన్సిస్టరు కొనిచ్చాను కానీ దాని గొంతు పీలగా ఉందని ఆవిడ దగ్గరికి తీయలేదు. మూగ రేడియోనే రోజూ తుడిచి గుడ్డ కప్పేది, వెళ్లినప్పుడల్లా ఇంకోసారి చూడరా అనేది. నేను మూత తీసి, చూసినట్టు చూసి, మళ్లీ పెట్టేసేవాణ్ణి. ఆ నటన తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత. నేను నిజం చెప్పకముందే ఆవిడ పోయింది.

ఆ రోజుల్లో తప్పు చేసినవాడు కనీసం జేబులో దాచుకునేవాడు, ఇప్పుడు పొట్ట కోసి, దీపాలు పెట్టి, షాపు అద్దాల వెనక నిలబెడుతున్నారని చెప్పుకుని ఊరట పొందుదామనుకున్నాను. కుదరలేదు. ఆ షాపాయన కోసింది ఎవరూ వినని రేడియోని. నేను కోసింది అత్తయ్య వింటున్నదాన్ని.

ఇంటికొచ్చి నా కన్సోల్ పెట్టాను. అత్తయ్య వాల్వు ఎర్రబడి గొంతు రావడానికి కాస్త సమయం పడుతుంది. రాకముందే ఆపేశాను.