చేపల తొట్టెకు అమావాస్య దీపం

మా ఇంట్లో చేపలు కేను నీళ్లు తాగుతాయని నాన్న తన ఊళ్లో అందరికీ ఫోన్ చేసి మరీ చెప్పాడు. నిజానికి అవి ఉండేది సముద్రపు నీళ్లలోనే. మా ఆయన పదిహేను రోజులకోసారి భావనపాడు వెళ్లి, పడవలకు దూరంగా ఒడ్డు శుభ్రంగా ఉన్నచోట రెండు డబ్బాలు నింపి బండి మీద తెచ్చేవాడు. అయితే తొట్టెలో నీళ్లు ఆవిరయ్యేకొద్దీ ఉప్పు అలాగే ఉండిపోయి నీళ్లు చిక్కబడతాయి. ఆ తరుగును మంచినీళ్లతో పూడ్చాలి. బోరునీళ్లు పోస్తే వారం తిరక్కుండా రాళ్ల మీద నాచు పట్టి, వాటి మీద బతికే పగడపు జీవులు ముడుచుకుపోతాయి. అందుకని మేం తాగడానికి కొనుక్కునే మంచినీళ్ల కేనులోంచే రోజూ ఒక చెంబు తొట్టెలో పోసేదాన్ని.

నాన్న పలాసలో మా ఇంటికొచ్చిన మొదటి రోజే అది చూశాడు.

"సేపకి కేను నీల్లేటే? అరవయ్యేల్లు నాను బోరునీల్లు తాగినాను. నన్నెవులడిగినారు?"

వేళాకోళంగానే అన్నాడు. నేనూ నవ్వాను. చెంబు కడిగి బోర్లించాక మాత్రం ఆ మాట లోపల గుచ్చుకుంది.

మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎవరికీ కొత్త కాదు. నీళ్ల వల్లంటారు, ఎండలో పని వల్లంటారు, ఎవరి మాట వాళ్లది. రెండేళ్ల కిందట అమ్మ దాంతోనే పోయింది. ఇప్పుడు నాన్న వంతు. కొబ్బరితోటా జీడితోటా కౌలుకిచ్చి, ఒక సంచీలో నాలుగు పంచెలతో మా దగ్గరికొచ్చాడు. డాక్టరు కాగితాలు చూసి, ఇంక ఎంతో కాలం ఆగలేమనీ, డయాలసిస్‌కు సిద్ధంగా ఉండమనీ చెప్పాడు. నాన్న "సూద్దుం" అన్నాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. అమ్మ విషయంలోనూ ఆయన అన్నది ఇదే మాట.

హాల్లో ఆయన మంచం, దాని పక్కనే చేపల తొట్టె. రెండడుగుల పొడవు. అందులో నాలుగు రాళ్లు, వాటి మీద పగడపు జీవులు, నారింజ రంగు మీద తెల్ల చారలున్న జంట చేపలు. పెద్దది ఆడది, చిన్నది మగది. నేను టెక్కలిలో ఒక జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లేబ్‌లో పనిచేస్తాను. రోజంతా పిల్లలు కాల్చేసిన వైర్లు బాగుచేసి ఇంటికొస్తే, ఆ తొట్టె ముందు కూర్చున్న అరగంటే నాకు విశ్రాంతి.

రాత్రి తొమ్మిదికి తొట్టె లైటు ఆర్పేసేదాన్ని. ఆర్పగానే చేపలు బెదిరి అద్దానికి కొట్టుకునేవి. ఆ సంగతి నాకు తెలీదు, నేను లోపల గదిలో పడుకుంటాను కదా. ఒంటి దురదతో నిద్ర పట్టని నాన్నకే తెలిసింది.

"ఒక్కపాలి సీకటైపోతే ఎవులికైనా బయమేనే. సెందమాంనాటి ఎలుగు ఏదైనా సిన్నది పెట్టు" అన్నాడు.

ఆయన నన్ను ఏదైనా అడగడమే అరుదు. మర్నాడే మొదలుపెట్టాను. వినాయక చవితి పందిళ్లకు కట్టే సీరియల్ సెట్టులోంచి రెండు నీలం బల్బులు కోశాను. పాత ఫోను ఛార్జరు, లేబ్‌లోంచి అడిగి తెచ్చుకున్న రెసిస్టరు, తీగలు దూర్చడానికి ఇంకు అయిపోయిన పెన్ను గొట్టం. వెలుగు కిందికి పరుచుకోవడానికి పైన తళతళలాడే రేకు ఏదైనా కావాలి. పలాసలో ఇల్లన్నాక జీడిపప్పు డబ్బా ఉండకుండా ఉంటుందా? దాని మూత కత్తిరించి బల్బుల వెనక బిగించాను. వెలిగిస్తే అచ్చం వెన్నెలే. నన్ను చూసి నేనే మురిసిపోయాను.

ఆ మురిపెం పది రోజులు నిలిచింది. ఉప్పుతేమకు టంకం పెట్టిన చోటల్లా పచ్చగా చిలుమెక్కింది, రేకు అంచులు తుప్పుపట్టాయి. ఆ తుప్పు నీళ్లలో పడితే తొట్టె పాడవుతుందని తీసేశాను. నేను తిట్టుకుంటూ గీకుతుంటే నాన్న మంచం మీంచే ఉపాయం చెప్పాడు.

"జీడినూనె పుయ్యి. పడవలకి పూత్తారు కాదేటి? ఉప్పునీల్లు దాన్నేటీ సెయ్యనేవు."

జీడిపిక్కల తొక్కల్లోంచి తీసే నల్లటి నూనె అది. చెక్క పడవలు చివికిపోకుండా, పురుగు పట్టకుండా పూస్తారు. చేతికంటితే తోలు ఊడి వస్తుంది. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు చూసి పెరిగినదాన్ని, నాకు తెలీదా? తెలుసు. అయినా మా ఆయన పనిచేసే జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి ఒక చిన్న సీసా తెప్పించాను. పడవలకు పనికొచ్చింది తొట్టెకెందుకు పనికిరాదనుకున్నాను. పడవ కింద సముద్రం ఉంటుందనీ, నా దీపం కింద నాలుగు బిందెల నీళ్లే ఉన్నాయనీ తట్టలేదు. పూసి రెండు రోజులు ఎండబెట్టాను. గట్టిపడింది.

బిగించి ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాను.

"ఈ రోజు అమాస. ఎల్లుండి ఎలిగించుకో" అన్నాడు నాన్న.

వెదురు కొట్టాలన్నా, కొబ్బరి మొక్క నాటాలన్నా తిథి చూసిన మనిషి. నాకా ఓపిక లేదు. "దీపానికి కూడానా నాన్నా" అని ప్లగ్గు పెట్టేశాను.

రోజంతా వెలిగే పెద్ద లైటు వేడికి ఆ నూనె మెత్తబడి చుక్కలు చుక్కలుగా నీళ్లలోకి కారింది. మూడో రోజు సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి నీటి మీద రంగురంగుల పొర తేలుతోంది. పగడపు జీవులన్నీ ముడుచుకుపోయాయి. ఆడచేప రాతి పక్కన వెల్లకిలా పడుంది. మగది దాని చుట్టూ తిరుగుతోంది.

మా ఆయన భావనపాడు పరుగెత్తి నీళ్లు తెచ్చాడు. సగానికి పైగా మార్చాం. దీపం పీకి పారేశాను. ఆడచేపను పెరట్లో మందారం మొదట్లో పాతిపెట్టి లోపలికొచ్చాను.

"ఆడది పోనాది" అన్నాడు నాన్న తొట్టెకేసి చూస్తూ. "అమాస పూట వద్దంటే ఇన్నావు కాదు. మీ యమ్మకీ అంతే. అమాస నాడు మిసనెక్కించినావు."

నాకు ఒళ్లు తెలీలేదు. అమ్మకు డయాలసిస్ చెయ్యమని ఆసుపత్రి కాగితం మీద సంతకం పెట్టింది నేనే, ఆ మిషను మీంచి అమ్మ మళ్లీ లేవలేదు. రెండేళ్లుగా ఆయన ఆ మాట అనలేదు కానీ, అనుకుంటున్నాడని నాకు తెలుసు.

"అమావాస్య కాదు నాన్నా, నూనె! నువ్వు చెప్పిన జీడినూనె!" అని అరిచాను. "అమ్మనీ అమావాస్య చంపలేదు. పుష్యమాసం వెళ్లనీ అన్నావు, నవమి వెళ్లనీ అన్నావు. ఆగి ఆగి, ఊపిరందక కొట్టుకుంటుంటే తీసుకెళ్లాం. అది అమావాస్య అయింది. అమ్మని చంపింది నీ మంచిరోజులే!"

మా ఆయన నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగాడు. నాన్న తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ పెట్టాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. నేను అన్నది నిజమే. కానీ ఆ నిజాన్ని జబ్బు మనిషి మీద అలా విసరాల్సింది కాదు. ఆ సంగతి అరుస్తున్నప్పుడే నాకు తెలుసు, అయినా ఆపుకోలేదు.

తరవాత దాదాపు నాలుగు వారాలు మా మధ్య మాటలు అన్నమూ మందులూ దాటలేదు. పొద్దున్నే లేచి మిగిలిన చేపకు మేత మాత్రం ఆయనే వేసేవాడు. అది సరిగ్గా తినేది కాదు. ఆయనా అంతే. కాళ్లు వాచాయి, పొద్దున్నే వాంతులు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. శనివారం చూపిస్తే డాక్టరు గట్టిగా చెప్పాడు. సోమవారం పొద్దున్నే మొదలుపెట్టాలి, ఆలస్యం చేస్తే తన చేతుల్లో ఉండదు అని.

ఇంటికొచ్చి క్యాలెండరు చూశాను. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం మధ్యాహ్నం దాకా అమావాస్య. గోడకు తల బాదుకోవాలనిపించింది. నాన్న అప్పటికే చూసేసుకున్నాడు.

"బుదవారం ఎల్దుం" అన్నాడు.

బతిమాలాను. మా ఆయన బతిమాలాడు. కదల్లేదు. ఎత్తుకెళ్లి పడుకోబెట్టలేం కదా. మళ్లీ అమ్మ కథే జరగబోతోందని భయం పట్టుకుంది.

ఆదివారం ఏం చెయ్యాలో తోచక రెండో దీపం తయారుచేయడానికి కూర్చున్నాను. ఈసారి రేకు లేదు, నూనె లేదు. వెలుగు పరచడానికి నాన్న బిళ్లల సీసా తెల్లమూత. టంకాల మీద తొట్టె అద్దాలు అతికే పారదర్శకమైన సిలికాన్ జిగురు. నీటిచుక్క తీగ వెంట పాకి ప్లగ్గు దాకా రాకుండా, తీగను కిందికి వంపు తిప్పి కట్టాను. నాన్న మంచం మీంచి అంతా చూస్తూనే ఉన్నాడు. సాయంత్రానికి బిగించడం పూర్తయింది. కానీ ప్లగ్గు పెట్టలేదు. పక్కన పెట్టేశాను. ఫిజిక్స్ లేబ్‌లో పనిచేసే మనిషిని, అమావాస్య అంటే నాకు నమ్మకం లేదు. అయినా ఉన్నది ఒక్క చేప. చెయ్యి రాలేదు.

నాన్న మెల్లగా లేచి, గోడ పట్టుకుని వచ్చి ప్లగ్గు తీసుకున్నాడు.

"అమాసే కదా. నాను ఎలిగిత్తాను. తెల్లారికి సేప బతికుంటే నువ్వు సెప్పినట్టు నీతో వత్తాను. నేకపోతే నన్నింకడగొద్దు."

నేను నోరు తెరిచేలోపు పెట్టేశాడు. నీళ్లు నీలంగా వెలిగాయి. పెద్ద లైటు ఆర్పితే చేప బెదరలేదు. రాతి పక్కన నిలబడి రెక్కలాడించింది. ఎన్నాళ్లనుంచో సరిగ్గా మేత ముట్టని చేప మీద మా నాన్న తన ప్రాణం పందెం పెట్టాడు. తెల్లవార్లూ మేలుకోవాలనుకున్నాను. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలీదు.

లేచేసరికి నాన్న స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, ఆసుపత్రి కాగితాల కవరు ఒళ్లో పెట్టుకుని వీధి అరుగు మీద ఉన్నాడు.

"బతికే ఉంది. రాతెనక్కి దూరిపోనాది. బేగి ఆటో పిలు" అన్నాడు.

నేను తొట్టె వైపు కదిలాను.

"తరవాత సూద్దువు గాని, పద. అమాస దాటిపోతే మల్లీ నాను రాను."

ఇన్ని వారాల తరవాత ఆయన ఆడిన మొదటి హాస్యం అది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆటోలో ఆయన చెయ్యి నా చేతిలోనే ఉంది. మిషను తిరగడం మొదలయ్యాక మాత్రం నా వేళ్లు నలిగిపోయేలా పట్టుకున్నాడు. కళ్లు గట్టిగా మూసుకుని ఏదో గొణుక్కున్నాడు. ఇంత భయపడే మనిషి ఇంత తేలిగ్గా ఎలా వచ్చాడా అనిపించింది.

మధ్యాహ్నం దాటాక ఇంటికొచ్చాం. ఆయన పడుకోగానే నిద్రపోయాడు. నేను చేపకు మేత వేశాను. రాలేదు. రాతి వెనక చూశాను. ఒక్కొక్క రాయీ ఎత్తి చూశాను. ఎక్కడా లేదు. తొట్టె వెనక మేకుకు తగిలించి ఉండే చిన్న వల అక్కడ లేదు.

పెరట్లోకి వెళ్లాను. వల మందారం కొమ్మకు వేలాడుతోంది. చెట్టు మొదట్లో, ఆడచేపను పాతిన చోటికి పక్కనే, మట్టి కొత్తగా తవ్వి చేత్తో అదిమినట్టుంది. వేళ్ల గుర్తులు అలాగే ఉన్నాయి. కొంచెం గీకాను. నారింజ రంగు కనబడగానే కప్పేశాను.

చీకటి విడవక ముందే ఆయన అది చూసుంటాడు. ఆయాసపడుతూ ఇక్కడిదాకా నడిచి, వంగి, తవ్వి పాతిపెట్టి, స్నానం చేసి కూర్చున్నాడు. ఆయన పెట్టుకున్న షరతు ప్రకారం రానక్కర్లేదు. ఆయన నమ్మకం ప్రకారం, ఆ మిషనెక్కితే తిరిగి రాడు. అయినా నాకోసం వచ్చాడు. ఆ మట్టి దగ్గరే కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఆ రోజు అరిచిన మాటలు వెనక్కి తీసుకునే దారి నాకింక లేదు.

దీపాలు పెట్టే వేళకు నాన్నకు మెలకువ వచ్చింది. కాసిని నీళ్లు తాగించాను. తొట్టె వైపు తిరగకుండానే అడిగాడు.

"సేప మేసిందేటే?"

"మేసింది నాన్నా."

దుప్పటి మీదికి లాక్కున్నాడు.

"మరయితే ఆ లైటెయ్యి. సీకట్లో బయపడతాది."

లేచి వేశాను.