చెరువు కాని సముద్రం

"మనూరి సముద్రం సాలదా? నీళ్లు సూపెట్టనీకి పిల్లను బందరుదాక తోల్కపోతవా?" అని అవ్వ బాపు మీదికి లేచింది.

"గది చెర్వే అవ్వా, పేరుకే సముద్రం. అక్క రమ్మంటాంది."

"పిల్లల్లేని మనిషి. ఒక్కపారి ఒళ్లెకు తీస్కుంటే మల్ల ఇడుస్తదా?"

ఇవాళ నా మనవరాలు తెచ్చిన గవ్వల ఉప్పు వాసనకు చిన్నప్పటి ఆ పోట్లాట గుర్తొచ్చింది. మా నల్లగొండ దిక్కు పెద్ద చెరువునే సముద్రం అనేవాళ్లం. ఇంకోటి ఉందంటే నేను నమ్మలేదు. నన్ను బందరులో ఉండే బాపు వాళ్లక్కకు, మా అత్తమ్మకు, ఇచ్చేయడానికే ఈ సాకు అనుకున్నాను.

బందరు ఒడ్డున నీళ్లు నాలుకకు తాకించాను. ఒకటే ఉప్పు! నన్ను నమ్మించడానికి అత్తమ్మ ఎన్ని బస్తాల ఉప్పు దండగ చేసిందో అనుకున్నాను. ఆమె బెల్లపు ఉండ చేతిలో పెట్టింది.

"తినవే పిల్లా, మందేం వెట్టలె," అని నవ్వింది.

దాంతో అనుమానం ఇంకా ముదిరింది. ఆ రాత్రి నా లంగా అంచును బాపు ధోతికి గట్టిగా ముడివేసి పడుకున్నాను. అత్తమ్మ అది చూసింది.

తెల్లారి ఆ ముడి విప్పింది అత్తమ్మే. నలిగిన లంగా చేత్తో సాపుచేసి, నన్నెత్తి బస్సులో బాపు పక్కన కూర్చోబెట్టింది.