వెసెక్స్ రాజుగారి కుడిచెయ్యి

మా ఆయనకి మాట పడిపోయిన రోజుల్లో, ఆ మాటని వెతికి తెచ్చే పని చివరికి ఒక వీడియో గేమ్ మీద పడుతుందని ఎవరైనా చెప్పి ఉంటే వాళ్ళని గుమ్మం దగ్గర నుంచే పంపేసేదాన్ని. అసలు ఆ గేమ్ అంటేనే నాకు ఒళ్ళుమంట. ఆదివారం భోజనం కాగానే లాప్‌టాప్ ముందు కూర్చుంటే మళ్ళీ సాయంత్రం టీ వేళకి గాని లేచేవారు కాదు. గుణదలలో మా ఫ్లాట్‌లోని డైనింగ్ టేబుల్ సగం నాది, సగం ఇంగ్లండుది.

పన్నెండు వందల ఏళ్ళ కిందటి బ్రిటన్ ఆ గేమ్. దక్షిణాన ఆంగ్లో-శాక్సన్ రాజులు, వాళ్ళలో పెద్దవాడు వెసెక్స్ రాజు. ఉత్తరాన, తూర్పున వైకింగ్ రాజులు. వీళ్ళు ఓడల్లో దోపిడీకి వచ్చి, దోచుకున్న చోటే కాపురం పెట్టేసిన ఘనులు. సముద్రం దాటితే పడమటి చివర ఐర్లండ్, అక్కడ ఒకరంటే ఒకరికి పడని చిన్న చిన్న రాజులు. మనల్ని అన్నేళ్ళు ఏలిన ఇంగ్లీషువాళ్ళని ఒకప్పుడు ఇంకొకళ్ళొచ్చి చితక్కొట్టారని తెలిసినప్పుడు మాత్రం నాకు కాస్త సంతోషం వేసింది. అబద్ధమెందుకు చెప్పాలి?

ఆయన ఎప్పుడూ వెసెక్స్ రాజే. అది కూడా ఎలాంటి రాజు! యుద్ధం ఊసెత్తకుండా గంటలు గంటలు పొలాలు బాగుచేసేవారు, ధాన్యం కొట్లు కట్టేవారు. "ఇదేం గేమండీ, వ్యవసాయ శాఖలాగుంది" అంటే, "తిండి లేని సైన్యం ఎటు పోయిద్దే" అనేవారు. కాలువల ఇంజనీరు ఆయన. కృష్ణా డెల్టాలో ఏ లాకుల దగ్గర షట్టరు ఎత్తితే ఏ ఊరి పొలం తడుస్తుందో ఆలోచిస్తూ సర్వీసంతా గడిపిన మనిషికి, రాజ్యమిచ్చినా ముందు పొలాలే కనిపిస్తాయి.

ఆ మనిషికి ఒక ఉదయం పళ్ళు తోముకుంటుండగా కుడిచెయ్యి వాలిపోయింది. మాట పోయింది. ప్రాణానికి ప్రమాదం తప్పిందని, చెయ్యి మెల్లగా వస్తుందని ఆస్పత్రిలో చెప్పారు. మాట సంగతి అడిగితే మాత్రం డాక్టరుగారు నా మొహం చూడకుండా, "మొదటి నెలలే ముఖ్యమమ్మా, అప్పుడు వచ్చిందే ఎక్కువ, తర్వాత కష్టం" అన్నారు. ఆయనకి అన్నీ అర్థమవుతాయి. చెప్పదలచుకున్నది లోపల సిద్ధంగానే ఉంటుంది. నోటిదాకా వచ్చే దారిలో మాట ఎక్కడో తప్పిపోతుంది. నాకు అప్పుడు కావలసింది ఒక్కటే. ఆయన నోటి నుంచి ఒక పూర్తి వాక్యం. నన్ను తిట్టేదైనా సరే.

బెంజ్ సర్కిల్ దగ్గర మాటలు నేర్పించే క్లినిక్‌కి ఆటోలో తీసుకెళ్ళేదాన్ని. అక్కడ ఒక చిన్నపిల్ల, మా అమ్మాయి వయసు ఉంటుందేమో, ఎంతో ఓపికగా బొమ్మలు చూపించేది. "సార్, ఇదేంటి సార్? మామిడి... మామిడి..." ఆయన మామిడిపండు వైపు, ఆ తర్వాత నా వైపు చూసి, మొహం గోడకి తిప్పుకునేవారు. వేల ఎకరాలకి నీళ్ళు పంచిన మనిషిని పట్టుకుని ఆవు బొమ్మ చూపించి ఇదేంటి అంటే ఎలా ఉంటుంది? నాకే కోపం వచ్చేది. ఆ పిల్ల తప్పు లేదని తెలిసినా వచ్చేది. కొన్నాళ్ళకి ఆయన ప్రయత్నించడమే మానేశారు. మాట రాకపోవడం కంటే, ఇక వద్దులే అన్నట్టు ఊరుకున్న ఆ ఊరుకోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"సార్‌కి బాగా ఇష్టమైందేంటి ఆంటీ?" అని ఆ పిల్ల ఒకరోజు అడిగింది. సిగ్గుపడుతూనే గేమ్ సంగతి చెప్పాను. ఆ పిల్ల ఎగిరి గంతేసినంత పనిచేసింది. "అదే ఆడించండి ఆంటీ! కానీ సార్ మౌస్ పట్టుకోకూడదు, ఎడమ చేత్తో కూడా. నోరు సార్‌ది, చెయ్యి మీది. సార్ చెప్పందే మీరు ఏదీ కదపకండి. మాట దొరక్క ఎంత అవస్థ పడినా మీరు అందించకండి." ఆ విధంగా నేను వెసెక్స్ రాజుగారికి కుడిచెయ్యినయ్యాను.

మొదటి మధ్యాహ్నం నరకం. లాప్‌టాప్ ముందు ఇద్దరం కూర్చున్నాం. ఆయన తెర వైపు చూస్తారు, పెదవులు కదుపుతారు, ఏ శబ్దమూ రాదు. నాకు ఏది నొక్కాలో తెలియదు. తెలిసినా నొక్కకూడదు. వంటింట్లో కుక్కరు కూతలు వేస్తూనే ఉంది. చివరికి తెర మూల ఉన్న గుండ్రటి బొత్తాన్ని చూస్తూ, "వం... వంతు" అన్నారు. ఆ గేమ్‌లో ఒక రాజు పని ముగించి అది నొక్కితే తర్వాతి రాజు ఆడతాడు. ఉద్యోగంలో ఆయన ఎక్కువసార్లు పలికిన మాట అదే. ఏ ఊరికి ఎప్పుడు నీళ్ళు వదలాలన్నది వంతుల మీదే నడిచేది. ఆ మాటే ముందుగా తిరిగొచ్చింది. నేను నొక్కాను. కుక్కరు అడుగంటింది.

తర్వాత ఐర్లండ్ వచ్చింది. అంటే, ఆ పేరు ఆయనకి రాలేదు. ఎంతసేపు పెనుగులాడినా రాలేదు. పటం మీద పడమటి చివర చూపించి, నన్ను చూపించి, "మీ... ఊరు" అన్నారు. నాకు వెంటనే అర్థమైంది. మా పుట్టినూరు దివిసీమలో కాలువకి చిట్టచివర. పైనున్న ఊళ్ళన్నీ తాగగా మిగిలిన నీళ్ళు మాకు వచ్చేవి, మిగిలితే. చివరనున్న ప్రతిదీ ఆయన లెక్కలో మా ఊరే. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఐర్లండ్ పేరు మా ఊరు. అక్కడ మాతో స్నేహం కలిపిన చిన్న రాజుని నేను పుట్టింటి మనిషిలా చూసుకునేదాన్ని. పేదవాడు, భూమి తక్కువ, చుట్టూ శత్రువులు. అయినా ఇచ్చిన మాట ఒక్కసారీ తప్పలేదు. మా నాన్న గుర్తొచ్చేవాడు.

కాలువ చివరి ఊరి పిల్లకి కాలువల ఇంజనీరుతో సంబంధం కుదిరితే ఆ ఊరు ఎంత సంబరపడుతుందో బయటివాళ్ళకి తెలియదు. మా పెళ్ళికి ఊరంతా వచ్చింది నన్ను దీవించడానికి కాదు, ఆయన్ని కళ్ళారా చూసుకోవడానికి. ఆ తర్వాత నీళ్ళు ఆలస్యమైన ప్రతి ఏడూ మా నాన్న మినపసున్నుండలు పట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. భోజనం చేసి, తాంబూలం వేసుకుని, అప్పుడు మెల్లగా "అల్లుడుగారూ, మా వంతు ఎప్పుడొచ్చిద్దండీ?" అనేవాడు. "మీ వంతు రోజునే వచ్చిద్ది మామయ్యగారూ" అనేవారు ఈయన. ఒక్క గంట ముందు ఇచ్చిన పాపాన పోలేదు. కానీ వంతు రోజున తెల్లవారేసరికి కాలువ చివర గట్టు మీద స్వయంగా నిలబడి, ఆఖరి మడి తడిసేదాకా కదిలేవారు కాదు. మా నాన్న నలుగురిలో అల్లుణ్ణి తిట్టేవాడు. ఇంటికొచ్చి మా అమ్మతో, "మనిషంటే అట్టా ఉండాలే" అనేవాడట.

ఇక నేను చేసిన ఘనకార్యం. అప్పటికి ఆయనకి ఒక్కో మాట వస్తోంది. "పొలం", "ఓడ", "ఆగు", "వద్దు". ఒకరోజు కళ్ళజోడు కోసం అవతలి గదిలోకి నడిచి వెళ్ళారు. నేను ఖాళీగా పటం చూస్తున్నాను. మా చేతిలో ఉన్న లండన్ పక్కన పెద్ద నది. ఆ నది పైభాగంలో ఒక ఊరు, కాపలా లేదు. నా దివిసీమ బుర్ర ఊరుకుంటుందా? ఎగువనున్న ఊరు చేతిలో ఉంటే దిగువవాళ్ళందరూ మన దగ్గరికి సున్నుండలు పట్టుకుని రావలసిందే కదా! లండన్‌లో ఉన్న సైన్యాన్నంతా తీసి నది పైకి పంపించి, వంతు కూడా నొక్కేశాను. ఇంత తెలివి ఈ ఇంజనీరుగారికి ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదా అని మురిసిపోయాను కూడా.

వైకింగ్ రాజు సముద్రం నుంచి వచ్చాడు. నది సముద్రంలో కలిసే మొగలోంచి ఓడలు లోపలికి వచ్చేశాయి. మాకు కరువొచ్చినా వరదొచ్చినా పైనుంచే. సముద్రం నుంచి వచ్చేది తుఫానొక్కటే, దానికి రేడియోలో ముందే చెబుతారు. మనుషులు అటునుంచి వస్తారని నేనేం కలగన్నానా? ఆయన తిరిగొచ్చేసరికి లండన్ తగలబడుతోంది.

తెర చూశారు. నన్ను చూశారు. సైన్యం నది ఎగువన ఎండలో నిలబడి ఉండటం చూశారు. ఆయన మొహం ఎర్రబడింది. "అది... కాలువ... కాదు!" అన్నారు. మూడు మాటలు వరసగా! నేను తిట్టు తింటూ నవ్వుతున్నాను, నవ్వుతూ ఏడుస్తున్నాను. ఆయనకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయనా నవ్వారు, మూతి ఒక పక్కకే సాగినా.

"పాత ఆట దాచి ఉంటుంది కదండీ, అక్కడి నుంచి మళ్ళీ మొదలెడదాం" అన్నాను. అందరూ అలాగే చేస్తారట. ఆయన తల అడ్డంగా ఊపి "వద్దు" అన్నారు. గట్టు తెగితే తెగినట్టే, పూడ్చుకోవడమొక్కటే ఆయనకి తెలుసు. బూడిదైన లండన్‌కి ముందు ధాన్యం పంపించారు. పొలాలు వేయించారు, గోడ కట్టించారు. ఒక్కో పనికి ఒక్కో మాట కావాలి. ఒక్కో మాటకి చెమట పట్టేది. "ధాన్యం" అనడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టిన రోజుంది. కింద రోడ్డు మీద గుణదల మాత ఉత్సవాలకి జనం పాటలు పాడుకుంటూ కొండవైపు వెళ్తుంటే, పైన ఈయన పళ్ళు బిగించి గోడ కడుతున్నారు. నేను చాలా మంది గట్టివాళ్ళని చూశాను. ఆ నెలల్లో నా పక్క కుర్చీలో కూర్చున్న మనిషిని మించినవాణ్ణి చూడలేదు. వైకింగులకి ఓడలుండవచ్చు, గొడ్డళ్ళుండవచ్చు, ఈ మొండితనం మాత్రం లేదు.

అలా అలా లండన్ లేచింది. ఉత్తరాన వైకింగుల ఊళ్ళు ఒక్కొక్కటే చేతికొచ్చాయి. ఎండలు ముదిరేనాటికి ఇంగ్లండులో వాళ్ళకి మిగిలింది ఒక్క రేవుపట్నం. మా సైన్యం దాని గుమ్మంలో ఉంది. ఒక్క నొక్కు నొక్కితే ఇంగ్లండంతా మాదే, ఆ గేమ్‌లో అదే గెలుపు. అన్నేళ్ళుగా ఆడుతున్నా ఆయన ఈ గేమ్ ఎన్నడూ గెలవలేదు, పొలాలు బాగుచేయడంతోనే సరిపోయింది. మాట మాత్రం ఇంకా రెండు మూడు ముక్కల దగ్గరే ఆగిపోయి ఉంది. డాక్టరుగారు చెప్పిన మొదటి నెలలు అయిపోవస్తున్నాయి. అది ఇద్దరికీ తెలుసు, ఇద్దరం పైకి అనుకోలేదు.

సరిగ్గా అప్పుడే తెర మీద కబురొచ్చింది. డబ్లిన్ వైకింగ్ రాజు ఐర్లండ్‌లో మా స్నేహితుడి కోటని చుట్టుముట్టాడు. సాయం పంపమని ఆ చిన్న రాజు అడుగుతున్నాడు. ఉన్నది ఒకటే సైన్యం. అటు పంపితే ఈ రేవు మళ్ళీ బలపడుతుంది, ఈ గెలుపు ఇక రాదు. నేను లోపల నొచ్చుకున్నా, బాణం గుర్తుని రేవు మీదే పెట్టి ఆయన "కొట్టు" అనేదాకా ఆగాను.

"ఉండు" అన్నారు.

పెదవులు కదిలాయి, ఆగాయి. మెడ నరాలు తేలాయి. ఎడమ చేత్తో టేబుల్ అంచు పట్టుకున్నారు. ఏ మాట కోసం వెతుకుతున్నారో నాకు తెలుసు, అందించడానికి నా నాలుక చివర ఉంది. అందించకుండా కూర్చోవడం కంటే కష్టమైన పని నేను నా జన్మలో చేయలేదు. ఫ్యాను తిరుగుతోంది. గేమ్‌లో సముద్రం కదులుతోంది.

"ముందు... మీ ఊరికి పంపుదాం. మన వంతు తర్వాత చూసుకుందాం."

పూర్తి వాక్యం. ఒకటి కాదు, రెండు. నా కాపురమంతటిలో ఒక్క గంట ముందు మా ఊరికి నీళ్ళివ్వని మనిషి నోటి నుంచి.

"గెలుపు పోయిద్దండీ" అన్నాను.

"పోనీ. నొక్కు."

మా నాన్న ఉండి ఉంటే దివిసీమంతా తిరిగి చాటింపు వేసేవాడు, మా అల్లుడు మనకి ముందిచ్చాడని. నాకు కన్నీళ్ళకి తెర కనిపించలేదు. ఓడల్ని ఐర్లండ్‌కి బదులు ఎక్కడో స్కాట్లండ్ వైపు పంపేశాను. దానికి ఆయన నన్ను తిట్టిన తిట్టు కూడా పూర్తి వాక్యమే.